రోడ్డు కుంగిన ప్రతిసారీ కాంట్రాక్టర్‌నే తిట్టాలా?

రేగడినేల:
మా వీధిలో బీటీ రోడ్డు వేసి ఏడాది కాలేదు, బానే ఉండేది, ఉగాదికి ముందు మంచినీళ్ల పైపు కోసం నడిమధ్యలో తవ్వారు, పైపేసి అదే మట్టి లోపలికి నెట్టి పైన ఇంత తారు పూసి పోయారు. మొన్నటి వానకి తవ్వినంత పొడవునా దిగిపోయింది. స్కూల్ ఆటో వెనక చక్రం లోపలికి పోయింది, దేవుడి దయ, పిల్లలకేం కాలేదు. ఊరంతా ఇప్పుడు రోడ్డేసిన కాంట్రాక్టర్ని తిడుతోంది. నాకైతే ఆయన తప్పు కనపడట్లా. తవ్వినోళ్లది, తవ్వాక చూడనోళ్లది. మీరేమంటారు?

నిప్పుకోడి:
అన్నా నువ్వు మరీ మంచోడివి. టెండర్ల ఇరవై శాతం లెస్ కొట్టి, పర్సెంటేజీలు పంచి, ఆపైన లాభం చూస్కునేటోడు రోడ్డు మీద ఏం పోస్తడు? మా మండలంల కొత్త రోడ్డు చేత్తో గుంజితే చాప లేచినట్టు లేచింది, నా ఫోన్ల వీడియో ఉంది. దానికి కూడా పైపులోళ్లే కారణమా?

సైటు సూపర్వైజర్:
ఇద్దరూ చెప్పేవి వేర్వేరు జబ్బులు. చాపలా లేచిందంటే టాక్ కోట్ (కింద పొరకి పై పొర అతుక్కోడానికి కొట్టే పల్చటి తారు) సరిగ్గా కొట్టలేదు, లేదా దుమ్ము దులపలేదు, లేదా తారు కలిపిన కంకర మాల్ చల్లారాక పరిచారు (ప్లాంట్ నుంచి లారీ లేటుగా వచ్చినా పరిచేస్తారు, వెనక్కి పంపితే నష్టం కదా). అది పక్కా పనిలో తప్పు. కుంగడం అలా కాదండీ, తారు మూత లాంటిది, బరువు మోసేది కింద మట్టి, గ్రావెల్, వెట్ మిక్స్ (నీళ్లు కలిపి పరిచే కంకర). తవ్విన చోట లేయర్ లేయర్‌గా పోసి, నీళ్లు చల్లి, ఒక్కో లేయర్ కొట్టుకుంటూ రావాలి. నిజం చెప్పాలంటే మేం చాలాసార్లు జేసీబీ బకెట్‌తో నాలుగు దెబ్బలేసి వచ్చేస్తాం, సాయంత్రానికి ట్రాఫిక్ వదలమని పైనుంచి ఫోన్లు.
సిటీలో ఇంకో రకం. పాత డ్రైనేజీ పైపు జాయింట్ లీకైతే చుట్టూ మట్టి కొంచెం కొంచెం అందులోకి కొట్టుకుపోతుంది, పైన రోడ్డు అద్దంలా ఉంటుంది, కింద గుల్ల. ఒకరోజు టిప్పర్ వస్తుంది, అంతే.

కోఠీ కుర్రోడు:
హైదరాబాద్ గోషామహల్ గుర్తుందా, చాక్నవాడి, 2022 డిసెంబర్ 23. నాలా మీద స్లాబేసి దాన్నే రోడ్డు చేశారు, కార్లు బైకులు కూరగాయల బండ్లు అన్నీ కలిపి నాలాలో పడ్డాయ్. పైన బరువు పెరుగుతూ పోయింది, కింద చువ్వలు ఎలా ఉన్నాయో ఎవడైనా దిగి చూశాడా? నా ఓటు మెయింటెనెన్స్‌కే.

కోజికోడ్‌లో తెలుగోడు:
ఇక్కడ కేరళలో మెయింటెనెన్స్ దాకా రానేలేదు బ్రో. 2025 మే 19న మలప్పురం జిల్లా కూరియాడ్ దగ్గర కొత్తగా కడుతున్న ఎన్‌హెచ్ 66 కట్ట సర్వీస్ రోడ్డు మీదకి కూలింది. వరి పొలాల మధ్య అంతెత్తు మట్టి పోశారు, అడుగున నేల ఆ బరువు మోయలేకపోయింది. కాంట్రాక్ట్ మన హైదరాబాద్ కంపెనీదే, మలయాళీ ఫ్రెండ్స్ ముందు నేను తలెత్తుకోలేకపోయా. తర్వాత కట్ట బదులు అక్కడ వయాడక్ట్ (స్తంభాల మీద పొడవాటి వంతెన) కట్టమన్నారు, కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో. అంటే నేల చూడకుండా డిజైన్ చేస్తే ఎంత తారు పోసినా దండగే.

లారీ బాబాయ్:
మమ్మల్నింకా ఎవరూ తిట్టలేదేంటా అని చూస్తన్నానండి. ఓవర్‌లోడ్ నిజమే, కాదనను. కానీ లోడెంతో చెప్పేది డ్రైవరు కాదు కదండీ, ఓనరు, ఇసుక రేవులో గుమస్తా. 2018లో కేంద్రమే సింగిల్ యాక్సిల్ (ఒక్క ఇరుసు) మీద పడే లోడు 10.2 టన్నుల నుంచి 11.5 చేసింది, మరి పాత రోడ్లు దానికి తగ్గట్టు ఎవరన్నా గట్టిచేశారా?

సైటు సూపర్వైజర్:
పాయింటే. యాక్సిల్ బరువు రెండింతలైతే రోడ్డుకి నష్టం రెండింతలు కాదు బాబాయ్, పదహారింతల దాకా పోతుందని లెక్క.
రేగడినేల గారూ, పేరుని బట్టి మీది నల్లరేగడి అనుకుంటా. అది ఎండకి బీటలు, వానకి ఉబ్బు. నీళ్లు నిలవకుండా చూసుకోవాలి, అంతకన్నా మందు లేదు. మీ వీధిలో సైడు కాలవ ఉందా, ఇళ్ల ముందు పూడ్చేసి ర్యాంపులు కట్టుకున్నారా?

రేగడినేల:
కట్టారు. మా ఇంటి ముందు కూడా ఉంది, నాన్న కట్టించారు, బండి ఎక్కాలిగా. 😐

నిప్పుకోడి:
అట్లయితే కాంట్రాక్టర్‌కి నువ్వే సారీ చెప్పు అన్నా 😂 గని ర్యాంపు వల్ల నిలిచిన నీళ్లు ఆ తవ్విన కాడనే ఎందుకు దిగినయ్? గట్టిగ కొట్టి ఉంటే దిగకపోవు. నా మాట నేను మార్చ.

సైటు సూపర్వైజర్:
అదీ నిజమే, అక్కడే దిగిందంటే పూడ్చింది వదులు. ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్) తెప్పించండి. పూడ్చడానికి ఎంత గ్రావెల్ బిల్లు పెట్టారో అందులో రాసుంటుంది, తవ్వి చూస్తే తెలిసిపోతుంది అక్కడున్నది గ్రావెలా మీ రేగడేనా అని.

రేగడినేల:
సమాచార హక్కు కింద రేపు దరఖాస్తు పెడతా. ప్రస్తుతానికి ఆ గుంతలో ఎవరో వేపకొమ్మ పాతి ఎర్రగుడ్డ కట్టారు. ర్యాంపు సంగతి నాన్నతో మాట్లాడాలి, అదే కష్టం.