స్పైడర్ మ్యాన్ 2: పీటర్ శక్తులు పోవడం కథకు బలమా, లోపమా?

నిశాచరి (ప్రశ్న)

సామ్ రైమీ దర్శకత్వంలో 2004లో వచ్చిన ‘స్పైడర్ మ్యాన్ 2’ను చాలా ఏళ్ల తరువాత మొన్న మళ్లీ చూశాను. సూపర్‌హీరో సీక్వెళ్లలో మేలైనవి ఏవన్న మాట వచ్చిన ప్రతిసారీ ఈ పేరు ముందు వరుసలో వినిపిస్తుంది, అందుకు తగిన గుణాలు ఇందులో ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈసారి ఒక విషయం మింగుడుపడలేదు. పీటర్ పార్కర్ శక్తులు ఎందుకు పోతున్నాయో సినిమా ఎక్కడా సూటిగా చెప్పదు. మణికట్టు నుంచి దారం రాదు, గోడ మీద పట్టు జారుతుంది, చూపు మళ్లీ మసకబారుతుంది. డాక్టరు దగ్గరికి వెళితే జబ్బు ఒంట్లో కాదు, మనసులో ఉందన్న ధోరణిలో మాట్లాడి పంపేస్తాడు. సాలీడు కాటుతో ఒంటికి అబ్బిన శక్తి దిగులు పడితే పోవడమేమిటి? పైగా సరిగ్గా కథకు అవసరమైన క్షణంలోనే అది తిరిగి వచ్చేస్తుంది. దీన్ని రచనలోని లోపంగా చూడాలా, లేక నేనే అక్కర్లేని లెక్కలు అడుగుతున్నానా? కథంతా చర్చకు వస్తుంది కనుక, సినిమా చూడనివారు ఇక్కడితో ఆగడం మంచిది.

తెరవెనుక

నిశాచరి గారూ, మీ అనుమానం న్యాయమైనదే. కానీ కారణం విప్పి చెప్పకపోవడం ఈ సినిమాకు మేలే చేసిందని నా అభిప్రాయం.

మొదటి పది నిమిషాలు గుర్తు చేసుకోండి. పీటర్ పిజ్జాలు అందించడానికి ఆలస్యమై, దారిలో వేషం మార్చి భవనాల మీదుగా ఎగురుతూ వెళ్లి, ఎవరికంటా పడకుండా చీపుళ్లు పెట్టుకునే చిన్న గదిలోకి దూరతాడు. అక్కడి నుంచి పిజ్జా పెట్టెలతో బయటికి రాబోతుంటే చీపురుకర్రలు మీద పడతాయి. ఒకటి సర్దితే మరొకటి జారుతుంది. నేరస్థులను చిటికెలో పడగొట్టేవాడు చీపుళ్లతో చేసే ఆ కుస్తీని రైమీ తొందరపడకుండా చూపిస్తాడు. చివరికి ఆలస్యమైందని డబ్బు రాదు, ఆ ఉద్యోగమూ పోతుంది. అద్దె బాకీ, తప్పిపోయిన తరగతులు, అతను ప్రేమించే మేరీ జేన్ నటించినా చూడలేకపోయిన నాటకం, అతన్ని పెంచిన మే ఆంటీ ఇల్లు జప్తుకు రావడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్న తరువాతే మొదటిసారి దారం ఆగిపోతుంది. కారణం డాక్టరు నోట చెప్పించనవసరం లేకుండా ప్రేక్షకుడి కళ్లముందే ఉంది. విలన్ కంటే ముందు నిత్యజీవితమే హీరోను ఓడించే సూపర్‌హీరో సినిమాలు ఎన్నో లేవు.

ఇది సినిమావాళ్లు కొత్తగా కల్పించిన సంగతి కూడా కాదు. 1964 నాటి స్పైడర్ మ్యాన్ కామిక్ వార్షిక సంచికలోనే పీటర్ మానసిక కారణంతో శక్తులు కోల్పోతాడు. వేషాన్ని చెత్తడబ్బాలో పడేసి వెళ్లిపోయే దృశ్యం 1967లో వచ్చిన 50వ సంచికలోనిది, అయితే అందులో శక్తులు పోవు, అతను తానుగా వదులుకుంటాడు. ఈ రెండింటినీ ఒకే కథగా అల్లడం రచయితల నేర్పు.

మాటకారి

తెరవెనుక గారు చెప్పినదాంట్లో శక్తులు పోవడం వరకు నాకూ అభ్యంతరం లేదు. నా ఫిర్యాదు అవి తిరిగి వచ్చే సన్నివేశం మీద.

విలన్ డాక్టర్ ఆక్టోపస్‌కు, అంటే ఒంటికి అతుక్కుపోయిన నాలుగు లోహపు చేతులకు లొంగిపోయిన శాస్త్రవేత్త ఆక్టేవియస్‌కు, తన ప్రయోగానికి ఇంధనంగా ట్రిటియం కావాలి. అది పీటర్ స్నేహితుడు హ్యారీ దగ్గర ఉంది. స్పైడర్ మ్యాన్‌ను పట్టి తెస్తేనే ఇస్తానని, అతని ఆచూకీ ఫొటోలు తీసే పీటర్‌కు తెలుస్తుందని, పీటర్‌కు మాత్రం హాని చేయవద్దని హ్యారీ స్పష్టంగా చెబుతాడు. అంటే ఆ క్షణంలో ఆక్టోపస్‌కు లోకంలో అన్నిటికంటే విలువైన మనిషి పీటరే. మరి ఆయన చేసే మొదటి పని ఏమిటి? పీటర్, మేరీ జేన్ కాఫీ తాగుతున్న చోట అద్దాలు పగిలేలా, వాళ్లు కూర్చున్న బల్ల మీదికే కారు విసురుతాడు. పీటర్ నిజంగానే మామూలు ఫొటోగ్రాఫర్ అయి ఉంటే ఆచూకీ అడగడానికి మనిషే మిగిలేవాడు కాదు. ఆ తరువాత స్పైడర్ మ్యాన్‌ను రప్పించడానికి గడువు చెప్పి, వెంటనే అతన్నే గోడకేసి కొట్టి, ఇటుకల కింద పడేసి వెళతాడు! అంతకుముందు ఇంటికి పిలిచి భోజనం పెట్టి, ఆప్యాయంగా మాట్లాడిన శాస్త్రవేత్త ఇంత మతిలేని పని చేశాడంటే చేతులే చేయించాయని సరిపెట్టుకోవాలి. ఆ చేతులకు మాత్రం ట్రిటియం అక్కర్లేదా?

ఆ కారు రాకపోతే పీటర్‌కు ప్రమాదాన్ని పసిగట్టే గుణం మేల్కొన్నట్టు చూపించడానికి దారి లేదు. అందుకే వచ్చింది.

పాతరీలు

మాటకారి గారి వాదనకు నా దగ్గర జవాబు లేదు. కారు గాలిలో తేలి వస్తుంటే ముద్దు పెట్టుకోబోతున్న ఇద్దరి వెనుక అద్దంలోంచి అది కనబడే షాటు ఎంత బాగుందంటే, తర్కం లేదన్న సంగతి నాకు ఇంటికెళ్లాక గాని తట్టలేదు. ఈ దర్శకుడి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

ఆయన హారర్ చిత్రాల నుంచి వచ్చినవాడు కావడం ఆసుపత్రి సన్నివేశంలో తెలుస్తుంది. సర్జన్లు రంపంతో లోహపు చేతులను కోయబోతారు; సంగీతం లేదు, కేకలు, గోడ మీద నీడలు, నేలను గోళ్లతో గీరుతూ ఈడ్చుకుపోబడే నర్సు, అంతే. ఆ చేతులను చాలాచోట్ల గ్రాఫిక్స్‌తో కాక బొమ్మలాటగాళ్లతో ఆడించడం వల్ల వాటికి బరువూ, ఒక్కోదానికి ఒక్కో స్వభావమూ వచ్చాయి. ఈ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ రావడంలో ఆశ్చర్యం లేదు.

పీటర్ రైలును ఆపే సన్నివేశాన్ని అందరూ పొగుడుతారు కనుక ఎక్కువ చెప్పను. (కథ న్యూయార్క్‌లో నడిచినా కొంత చిత్రీకరణ చికాగో రైలు మార్గంలో జరిగింది, ఆ నగరాలు తెలిసినవారు ఇట్టే పట్టేస్తారు.) నా దృష్టిలో అంతకంటే గొప్పది మే ఆంటీ వంటింటి బల్ల దగ్గర జరిగేది. ఆమె భర్త బెన్ అంకుల్ చావుకు తానే కారణమని పీటర్ ఒప్పుకుంటాడు. ఆమె తిట్టదు, ఏడవదు. అతని చేతిలోంచి తన చేయి మెల్లగా వెనక్కి తీసుకుని, లేచి, మెట్లెక్కి పైకి వెళ్లిపోతుంది. రోజ్‌మేరీ హారిస్ ఆ ఒక్క కదలికతో చేసిన పని, పోరాటాలన్నీ కలిపినా చేయలేదు.

అసలు లోపం మేరీ జేన్ పాత్ర. మొదటి చిత్రంలో లాగే ఇందులోనూ చివరికి విలన్ చేతిలో బందీ కావడమే ఆమె వంతు. పెళ్లిపీటల మీద ఒక మంచి మనిషిని వదిలేసి పరుగెత్తి వస్తే మనం చప్పట్లు కొట్టాలట. అతనికి ఏమైందో సినిమాకు పట్టదు. ఆఖరి షాట్‌లో మాత్రం ఆమె కిటికీ దగ్గర నిలబడి, ఎగిరిపోతున్న పీటర్‌ను చూస్తూ నవ్వు మాయమైన ముఖంతో ఉంటుంది. రెండు గంటల్లో ఆమెకు దక్కిన నిజమైన క్షణం బహుశా అదే.

నిశాచరి

అందరికీ ధన్యవాదాలు. తెరవెనుక గారు చెప్పిన వరుసలో మళ్లీ చూశాను. ప్రతి వైఫల్యానికీ ముందు ఒక మాట తప్పడమో, ఒక నష్టమో ఉంది కనుక శక్తులు పోవడాన్ని లోపమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 2007లో విడుదలైన ‘2.1’ రూపం కూడా తిరగేశాను. సుమారు ఎనిమిది నిమిషాలు అదనంగా ఉన్నాయి గానీ ఈ విషయంలో కొత్తగా చెప్పిందేమీ లేదు. పీటర్ ఫొటోలు కొనే పత్రికాధిపతి జేమ్సన్ స్వయంగా స్పైడర్ మ్యాన్ వేషం వేసుకుని బల్ల మీద గంతులేసే ముక్క నవ్వించింది.

ఇప్పుడు నన్ను వేధిస్తున్నది క్లైమాక్స్. మెదడును చేతుల నుంచి కాపాడే చిప్ మెడ వెనుక పగిలిపోయినందువల్లే ఆక్టేవియస్ వాటికి లొంగిపోయాడని కథ మొదట్లో చెప్పారు. చివర్లో పీటర్ ఆయన మాటలే ఆయనకు గుర్తుచేయగానే, చిప్ లేకుండానే గట్టిగా గద్దించి వాటిని అదుపులోకి తెచ్చుకుంటాడు. ఆల్‌ఫ్రెడ్ మొలీనా నటన వల్ల నమ్మబుద్ధేస్తుంది, కానీ అది మొదటి రోజే ఎందుకు చేతకాలేదో తెలియదు. తెరవెనుక గారు దీనికీ సమాధానం చెబితే సంతోషిస్తాను.

తెరవెనుక

దీనికి నా దగ్గరా సమాధానం లేదండీ. మొదటి రోజు ఆయన భార్య చనిపోయింది, ఎదిరించే మనసు లేదు అని వాదించవచ్చు గానీ, అది నేను సినిమాకు అప్పిస్తున్న కారణమే తప్ప సినిమా చూపించింది కాదు. మాటకారి గారి కారు పక్కనే దీన్నీ పెట్టేయండి.