మా గేమ్ స్టూడియోను పెద్ద కంపెనీ కొంటోంది. కొన్నాక ఏమవుతుంది?

పానగల్లు_ఆర్టిస్ట్:

అందరికీ నమస్తే. నాది నల్గొండ పక్కన పానగల్లు. హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టుగా, అంటే గేమ్‌లో కనిపించే గుళ్లు, చెట్లు, పరిసరాలు తయారు చేసే పని చేస్తున్నాను. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. నలభై మంది దాకా ఉంటాం. బయటి కంపెనీలకు ఆర్ట్ చేసిపెడితే వచ్చే డబ్బుతో జీతాలు నడుస్తాయి. దాంతోపాటే సొంత గేమ్ ఒకటి మెల్లగా తయారు చేసుకుంటున్నాం.

ఆ గేమ్ ఒకప్పుడు మా ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలంలో జరుగుతుంది. మా ఊళ్లోని ఛాయా సోమేశ్వరాలయం మండపం మొత్తం త్రీడీలో నేనే మోడల్ చేశాను. పొద్దంతా లింగం మీద కదలకుండా పడే ఆ నీడ తెలుసు కదా. ఎండ దిక్కు మారినా నీడ మారకుండా ఉండేలా గేమ్ ఇంజిన్‌లో (గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) తేవడానికి మా లైటింగ్ అక్క, నేను ఎన్నో రాత్రులు కూర్చున్నాం. ఉదయ సముద్రం చెరువు కట్ట మీది నుంచి గుడి కనిపించే సీన్ ఇంకా సగంలో ఉంది.

పోయిన వారం అందరినీ కూర్చోబెట్టి, ఒక పెద్ద విదేశీ కంపెనీ మమ్మల్ని కొంటోందని చెప్పారు. ‘ఏమీ మారదు, మీ గేమ్ మీరే చేసుకుంటారు’ అన్నారు. ఇంట్లో అమ్మానాన్న మస్తు సంతోషపడ్డారు, పెద్ద కంపెనీ అయితే ఉద్యోగానికి ఢోకా ఉండదని. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇలా అమ్ముడుపోయిన స్టూడియోల్లో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి. మా గేమ్ బతుకుతుందా? నేను చేసిన మోడల్స్ మీద నాకేమైనా హక్కు ఉంటుందా? ఇప్పుడే వేరే చోటు చూసుకోవాలా?

మిర్యాలగూడ_గేమర్:

కంగ్రాట్స్ తమ్మీ. ముందే భయపడకు. పెద్ద కంపెనీ కొంటే స్టూడియో ఖతం అని అందరూ అంటారు గానీ అన్నిచోట్లా అట్ల జరగలేదు. జీటీఏ చేసిన డీఎంఏ డిజైన్ స్కాట్లాండ్‌లో చిన్న స్టూడియో. 1999లో టేక్-టూ అనే పెద్ద గేమ్ కంపెనీ చేతికి వచ్చింది. 2001లో జీటీఏ 3, మరుసటి ఏడాది వైస్ సిటీ. అదే ఇప్పటి రాక్‌స్టార్ నార్త్. ఇన్సోమ్నియాక్ అనే స్టూడియోను సోనీ 2019లో కొన్నది, ఇంకా మంచి గేమ్స్ చేస్తూనే ఉన్నారు. డబుల్ ఫైన్ స్టూడియో వాళ్లయితే డబ్బు చాలక సైకోనాట్స్ 2 గేమ్‌లో బాస్ ఫైట్లు (పెద్ద విలన్లతో పోరాటాలు) తీసేశారు. మైక్రోసాఫ్ట్ కొన్న తర్వాత వాటిని మళ్లీ పెట్టుకోగలిగారు.

జీతాల కోసం బయటి పని వెతుక్కునే బాధ తప్పితే మీ గేమ్ తొందరగా పూర్తి కావచ్చు కదా.

పాలమూరు_పాత_ప్లేయర్:

తమ్ముడూ, నాది మహబూబ్‌నగర్. న్యూటౌన్‌లో నెట్ సెంటర్ చూసుకున్న రోజుల నుంచి ఆటలతోనే ఉన్నాను. తర్వాత హైదరాబాద్‌లో టెస్టర్‌గా చేరి ప్రొడ్యూసర్‌నయ్యాను. నేను పనిచేసిన స్టూడియోను కూడా ఒక బయటి కంపెనీ కొన్నది. పేరు రాయను. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

మిర్యాలగూడ తమ్ముడు చెప్పినవన్నీ నిజమే. నేను చూసేది ఒక్కటే: కొన్నవాళ్లు దేనికోసం కొన్నారు, తర్వాతి గేమ్ ఏది చేయాలో తేల్చే సంతకం ఎవరి దగ్గర ఉంది. టేక్-టూకు కావలసింది జీటీఏ, ఆ స్టూడియో చేయాలనుకున్నదీ జీటీఏనే. అందుకే కుదిరింది.

కుదరనివి చెప్తా. మా నెట్ సెంటర్‌లో పోరగాళ్లు పొద్దుగూకేదాకా ఆడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టెక్సాస్‌లోని ఎన్సెంబుల్ స్టూడియోస్‌ది. 2001లో మైక్రోసాఫ్ట్ కొన్నది. ఆ స్టూడియో నష్టాల్లో మునిగిందేమీ లేదు. అయినా 2008 సెప్టెంబరులో, వాళ్లు చేస్తున్న హాలో వార్స్ అనే గేమ్ ఇంకా పూర్తి కాకముందే, ఆ గేమ్ అయిపోగానే మూసేస్తామని చెప్పేశారు. ఒక్కసారి ఆలోచించు, తమ ఇల్లు కూలుతుందని తెలిసి కూడా వాళ్లు ఆ గేమ్‌ను పూర్తిచేసి ఇచ్చారు. 2009 జనవరిలో స్టూడియో మూతపడింది, మరుసటి నెల గేమ్ మార్కెట్లోకి వచ్చింది. తర్వాత ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు ప్రాణం పోసింది ఎవరు? అభిమానులు. సొంతంగా మాడ్ చేసుకున్న, అంటే గేమ్‌ను తమకు నచ్చినట్టు మార్చుకున్న కొందరి పనే 2013లో అధికారిక ఎక్స్‌పాన్షన్‌గా (గేమ్‌కు అదనపు భాగంగా) వచ్చింది. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే ఇంకో ఎక్స్‌పాన్షన్ వచ్చి అందులో ద్రావిడులు కూడా చేరారు. పేరు ఈ రోజుకీ వెలిగిపోతోంది. దాన్ని పుట్టించిన స్టూడియో మాత్రం లేదు.

నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ ఆడనివాడు మన దగ్గర ఉన్నాడా? 2005లో దాన్ని చేసింది కెనడాలో వాంకూవర్ దగ్గరి బ్లాక్ బాక్స్ స్టూడియో. అంతకు మూడేళ్ల ముందే ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీ ఆ స్టూడియోను కొన్నది. 2012లో మోస్ట్ వాంటెడ్ అన్న అదే పేరుతో ఇంకో గేమ్ వచ్చింది, చేసింది క్రైటీరియన్ అనే వేరే స్టూడియో. పేరు ఈఏది కాబట్టి ఎవరికిచ్చినా అడిగేవాళ్లు లేరు. మరుసటి ఏడాది బ్లాక్ బాక్స్ మూతపడింది. కమాండ్ అండ్ కాంకర్ చేసిన వెస్ట్‌వుడ్ కథా అంతే, 1998లో ఈఏ కొన్నది, 2003లో మూసేసింది. వెస్ట్‌వుడ్ వాళ్లు కొందరు అదే ఏడాది పెట్రోగ్లిఫ్ అని కొత్త స్టూడియో పెట్టుకున్నారు. 2020లో పాత కమాండ్ అండ్ కాంకర్‌ను మళ్లీ మెరుగుపరిచి విడుదల చేయాలనుకున్నప్పుడు ఈఏ పని అప్పగించింది ఆ పెట్రోగ్లిఫ్‌కే. ఆ గేమ్ కన్నవాళ్లే దాని మీద మళ్లీ కాంట్రాక్టు పని చేశారు.

మంచి గేమ్ చేస్తే కాపాడుతారు అనుకుంటే అదీ లేదు. మైక్రోసాఫ్ట్ కింద ఉన్న టాంగో గేమ్‌వర్క్స్ అనే స్టూడియో 2023 జనవరిలో హై-ఫై రష్ అనే గేమ్ విడుదల చేసింది. ఎవరినడిగినా బాగుందన్నారు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది జనవరిలో, యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొన్న మూడు నెలలకు, గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. టాంగోను ఆగస్టులో క్రాఫ్టన్ తీసుకుంది కాబట్టి బతికింది. మన పోరగాళ్లు ఆడే బీజీఎంఐ ఉంది కదా, ఆ క్రాఫ్టనే. అట్లని క్రాఫ్టన్ ప్రతిసారీ కాపాడుతుందని కాదు. సబ్‌నాటికా చేసిన అన్‌నోన్ వరల్డ్స్‌ను 2021లో 50 కోట్ల డాలర్లు చేతికిచ్చి, అనుకున్న లెక్కలు అందుకుంటే ఇంకో 25 కోట్ల దాకా ఇస్తామని కొన్నది. 2025 జులైలో స్టూడియో పెద్దలు ముగ్గురినీ తప్పించింది. గొడవ అమెరికాలో కోర్టుకెక్కింది.

ఆ ‘ఇంకో 25 కోట్లు’ ఉంది చూడు, దాన్నే ఎర్నౌట్ అంటారు. మీ ఓనర్లకు కూడా అలాంటిది ఉండే ఉంటుంది. డబ్బంతా ఒకేసారి ఇవ్వరు. రెండు మూడేళ్లు ఉండి చూపించమంటారు. ఆ గడువు అయ్యేదాకా వాళ్లు మీ మధ్యే ఉంటారు, ‘ఏమీ మారదు’ అని మనస్ఫూర్తిగానే చెప్తారు. గడువు ముగిసి వాళ్లు వెళ్లిపోయాక, ఆ మాటకు నిలబడేవాళ్లు ఆఫీసులో ఉండరు.

మా దగ్గర జరిగింది ఇదే. మొదట్లో నిజంగానే ఏమీ మారలేదు. కొత్త లోగో టీషర్టులు, కొత్త మానిటర్లు, మంచి ఇన్సూరెన్స్ వచ్చాయి. మెల్లగా ప్రతి మైల్‌స్టోన్ (పనిలో ఒక్కో దశ) బయటి ఆఫీసు చూసి ఓకే అనాల్సి వచ్చింది. వాళ్ల గేమ్‌కు అర్జెంటుగా మనుషులు కావాలంటే మా టీమ్ నుంచి ముందు ఇద్దరిని, తర్వాత ఐదుగురిని ఇచ్చాం. మా గేమ్‌ను రద్దు చేస్తున్నామని ఎవరూ చెప్పలేదు. దాని మీద పనిచేసేవాళ్లు లేకుండా పోయారు, అంతే. ఓనర్ల గడువు అయిపోయింది, వాళ్లు వెళ్లారు, ఆ తర్వాత ఒక కాల్‌లో సగం మందికి వీడ్కోలు చెప్పారు. మేం చేసిన బిల్డ్ (అప్పటిదాకా తయారైన గేమ్) వాళ్ల సర్వర్‌లో ఎక్కడో ఉంటుంది. నేను దాన్ని మళ్లీ తెరవలేను. వనరులు లేక ఆగిపోతే ఒక రకం. అంతా ఉండి, దగ్గర మనుషులు లేక ఆగిపోయిన గేమ్ గుర్తొస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

మన దేశంలో చూడాలంటే ధ్రువ ఇంటరాక్టివ్ ఉంది. 1997లో బెంగళూరులో మొదలైన, మన గేమ్ పరిశ్రమకు దారి వేసిన స్టూడియో. 2017లో స్వీడన్ కంపెనీ స్టార్‌బ్రీజ్ కొన్నది. ఆ స్టార్‌బ్రీజ్‌కే అప్పులు మీదికి వచ్చి, 2019లో ధ్రువను 79 లక్షల డాలర్లకు రాక్‌స్టార్‌కు అమ్మేసింది. అది రాక్‌స్టార్ ఇండియాలో కలిసిపోయింది. ఉద్యోగాలు నిలిచాయి, అది చిన్న విషయం కాదు. కానీ ధ్రువ అన్న పేరు ఇప్పుడు లేదు. దీంట్లో గమనించాల్సింది ఇంకోటి: మీ స్టూడియో ఎంత బాగా పనిచేసినా, కొన్నవాడి ఇంట్లో కష్టం వస్తే ముందు అమ్మేది మిమ్మల్నే.

కాబట్టి ‘మా గేమ్ ఉంటుందా’ అని అడగకు తమ్ముడూ, ఎవరైనా ఉంటుందనే చెప్తారు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో మీ గేమ్‌కు ఎంత మందిని రాశారు, దాని మైల్‌స్టోన్ ఎవరు ఓకే చేస్తారు, మీ ఓనర్లు ఎప్పటిదాకా ఉండాలని అగ్రిమెంటు, ఈ మూడే అడుగు. జవాబు చెప్పడానికి తటపటాయిస్తే అదే జవాబు.

వనపర్తి_ఆడిటర్:

పాలమూరు అన్న గేమ్ సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను. ముందు ఇది షేర్ల కొనుగోలా, వ్యాపారం బదిలీనా కనుక్కోండి. షేర్లు కొంటే మీ కంపెనీ అదే, మీ పాత అపాయింట్‌మెంట్ లెటర్ అలాగే నడుస్తుంది. వ్యాపారాన్ని కొత్త కంపెనీలోకి మారిస్తే మీకు కొత్త లెటర్ ఇస్తారు. అందులో పాత సర్వీసు కొనసాగుతుందని రాసి ఉండాలి. లేకపోతే రేపు గ్రాట్యుటీ దగ్గర చిక్కు వస్తుంది. చేరిన తేదీ కొత్తగా వేస్తే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి. ఈసాప్‌లు (ఉద్యోగులకిచ్చే షేర్ల హక్కులు) ఇచ్చి ఉంటే అమ్మకం జరిగినప్పుడు వాటికి ఏమవుతుందో స్కీమ్ కాగితంలోనే ఉంటుంది, హెచ్‌ఆర్‌ను కాపీ అడగండి.

మోడల్స్ గురించి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి యజమాని కంపెనీయే. మండపం మోడల్ మీది కాదు. గుడి మాత్రం ఎవరూ కొనలేరు. మీ సొంత సమయంలో, సొంత సామానుతో మొదటి నుంచి మళ్లీ చేసుకుంటే అది వేరే సంగతి. అయినా ముందు మీ కాంట్రాక్టులో బయటి పనుల మీద ఏమి రాశారో చూడండి. కొన్ని కంపెనీలు దాన్ని కూడా రాయించుకుంటాయి. పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవడానికి అనుమతి మాత్రం ఇప్పుడే, పాత మేనేజ్‌మెంట్ ఉండగానే, ఈమెయిల్‌లో తీసుకోండి. కొత్తవాళ్లు వచ్చాక ఆ అనుమతి ఎవరిని అడగాలో కూడా తెలియదు.

పానగల్లు_ఆర్టిస్ట్:

అన్నలూ, చాలా థ్యాంక్స్. నిన్న మా ఫౌండర్‌ను విడిగా కలిసి అడిగాను. మంచి మనిషి, దాచకుండా చెప్పారు. షేర్ల కొనుగోలేనట. ఆయన మూడేళ్లు ఉండాలట. మా గేమ్ మీద ఈ ఏడాది చివరిదాకా పన్నెండు మందిని ఉంచడానికి ఒప్పుకున్నారట, ఆ తర్వాతి సంగతి వాళ్ల హెడ్డాఫీసు చూసి తేలుస్తుందట. ఓకే చెప్పేది వాళ్లే. పోర్ట్‌ఫోలియో కోసం మెయిల్ పెట్టాను, గేమ్ ట్రైలర్ బయటికి వచ్చాక అందులో కనిపించినవి చూపించుకోవచ్చని రాసిచ్చారు. లైటింగ్ అక్క మాత్రం నోటీసు ఇచ్చేసింది. ఆమె లేకపోతే ఆ నీడ పని ముందుకు సాగదు, దాని గురించే ఎక్కువ దిగులుగా ఉంది.

పాలమూరు_పాత_ప్లేయర్:

ఈ ఏడాది చివరిదాకా అంటే టైం ఉంది తమ్ముడూ. అక్కడే ఉండు, కానీ సీన్లన్నీ సగం సగం చేసుకుంటూ పోవద్దు. గుడి, మండపం, చెరువు కట్ట ఉన్న ఆ ఒక్క భాగాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆడగలిగేలా పూర్తి చేయమని మీ ఫౌండర్‌కు చెప్పు. హెడ్డాఫీసు వాళ్లు డాక్యుమెంట్ చదివి ఓకే చేయరు, కంట్రోలర్ చేతిలో పెడితేనే చేస్తారు. ట్రైలర్ కూడా అందులోంచే తీయొచ్చు, నీ పోర్ట్‌ఫోలియోకూ అదే పనికొస్తుంది. మీ అక్క నోటీసు కాలం అయిపోకముందే లైటింగ్ సెటప్ అంతా ఆమెతో రాయించి, స్క్రీన్ రికార్డు చేయించి ప్రాజెక్టులో పెట్టండి. క్రెడిట్స్‌లో ఆమె పేరు ఉండాలని ఇప్పుడే అడుగు. మధ్యలో వెళ్లినవాళ్ల పేర్లు తర్వాత ఎవరికీ గుర్తుండవు.