నిండకముందే సెప్టిక్ ట్యాంకు తీయించాలా? మూడేళ్ల లెక్కలో నిజమెంత?

కొత్తిల్లు (ప్రశ్న):
ఇంట్లో 5 మందిమి. ట్యాంకు లోపలి కొలత 8 అడుగుల పొడవు, 4 వెడల్పు, నీటి లోతు 5. మధ్యలో అడ్డుగోడ, రెండు గదులు, బయట ఇంకుడు గుంత. కట్టి 9 ఏళ్లయింది, ఒక్కసారి కూడా తీయించలేదు. ఫ్లష్ బాగానే పోతోంది, వాసన లేదు. మూడేళ్లకోసారి తీయించాలని మున్సిపాలిటీ ప్రచారం. కట్టిన మేస్త్రేమో "నిండినప్పుడు చూద్దాం, ఊరికే కెలక్కండి" అంటాడు. ఎవరి మాట వినాలి?

పాతమేస్త్రి:
మీ మేస్త్రి మాటే వినండి. మురుగును కరిగించేది లోపలున్న సూక్ష్మజీవులు. తీయించిన ప్రతిసారీ వాటిని లారీలో ఎక్కించి పంపేసినట్టే. మళ్లీ పుంజుకోవడానికి వారాలు పడుతుంది. పదిహేనేళ్లుగా మూత తీయని ట్యాంకులు ఊళ్లలో బోలెడు, ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. మూడేళ్ల లెక్క ట్యాంకర్ల వాళ్లకు గిరాకీ.

ఇంకుడుగుంత:
మేస్త్రిగారూ, "నిండినప్పుడు" అన్న మాటలోనే తిరకాసు ఉందండీ. సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొన్నాళ్లకే నిండుతుంది, ఇక జన్మంతా నిండుగానే ఉంటుంది. ఇటు నుంచి ఒక బకెట్ వస్తే అటు నుంచి ఒక బకెట్ పోతుంది. నీటి మట్టం బయటికెళ్లే పైపు దగ్గరే ఆగి ఉంటే ట్యాంకు బాగున్నట్టు. అంతకన్నా కిందికి దిగితే గోడో అడుగో కారుతున్నట్టు. పైకి లేస్తే ఇంకుడు గుంత మూసుకుపోయినట్టు.

చూడాల్సింది నీళ్లను కాదు, అడుగున పేరుకున్న మడ్డిని, పైన కట్టిన తెట్టును. ఆ రెండూ కలిసి నీటి లోతులో మూడో వంతుకు చేరితే తీయించాలి. మనిషికి ఏడాదికి సుమారు 70 లీటర్ల మడ్డి అని లెక్క కడతారు. మీ ట్యాంకు 160 ఘనపుటడుగులు, అంటే దాదాపు 4,500 లీటర్లు. మూడో వంతు 1,500. ఐదుగురికి ఏడాదికి 350. నాలుగేళ్లు దాటాక తీయించాల్సింది, మీకు తొమ్మిదయ్యాయి.

ఫ్లష్ పోతోంది కదా అని ఊరుకోకండి. మడ్డి పెరిగేకొద్దీ నీళ్లు నిలిచే జాగా తగ్గుతుంది, తేరుకునే వ్యవధి లేక గడ్డలు గుంతలోకి పోతాయి. ట్యాంకును గంటలో ఖాళీ చేయొచ్చు. మట్టి రంధ్రాలు జిగురుతో మూసుకుపోయిన గుంతను మాత్రం మళ్లీ తవ్వాల్సిందే.

పాతమేస్త్రి:
70 లీటర్లు కాగితం మీది లెక్క. మడ్డి కిందికి అణిగి గట్టిపడుతుంది, సగం గ్యాసై పోతుంది. మన ఎండలకు లోపల జీర్ణం చురుగ్గానే జరుగుతుంది. మన ఇళ్లలో పేపరు కాదు, నీళ్లే వాడతాం. పోనీ మీ లెక్కే పట్టుకుందాం. ఇదే ట్యాంకు ఇద్దరు ముసలివాళ్లున్న ఇంట్లో ఉంటే? ఏడాదికి 140 లీటర్లు, పదేళ్ల పైమాటే. మరి మూడేళ్ల మాట ఎక్కడిది?

ఇంకుడుగుంత:
అది చిన్న ట్యాంకులకు పుట్టిన మాట. సెప్టిక్ ట్యాంకులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 2470. దాని పట్టికలో 5 మందికి ఇచ్చిన కొలత 1.5 మీటర్ల పొడవు, 0.75 వెడల్పు, 1 మీటరు నీటి లోతు. అదీ రెండేళ్లకోసారి తీస్తారన్న లెక్కతో. ఈయన ట్యాంకు దానికి నాలుగింతలు. కాబట్టి "అందరికీ మూడేళ్లు" అనను. కానీ మీరు చెప్పే "నిండేదాకా"ను అసలే ఒప్పుకోను. కొలవాలి, అంతే.

కొత్తిల్లు గారూ, కొలిచే పద్ధతి ఇది. 8 అడుగుల అరంగుళం పీవీసీ పైపు తీసుకోండి. కింది నాలుగడుగులకు పాత తెల్ల తువ్వాలు చుట్టి, అడుగడుగునా దారంతో కట్టండి. మూత తీసి అరగంట వదిలేయండి. అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి, లోపల మీథేన్ ఉంటుంది. మొహం మూత మీదికి వంచకండి. ఒక్కరే ఉండకండి. పైపును నిటారుగా, నెమ్మదిగా, అడుగు తగిలేదాకా దించి రెండు మూడు నిమిషాలు ఉంచి తీయండి. తువ్వాలుకు నల్లగా, రవ్వరవ్వగా అంటుకున్న మేర మడ్డి. దానిపైన పలచగా బూడిదరంగు తడి ఉన్నదంతా నీళ్లు. తెట్టుకు ఇంకో కర్ర కావాలి: చివర ఆరంగుళాల అడ్డ ముక్క బిగించి, తెట్టును పొడిచి కిందికి దించి, అడ్డంగా తిప్పి పైకి లాగితే తెట్టు అడుగు తగిలి ఆగుతుంది. రెండు గదుల్లోనూ కొలవండి. రెండో గదిలో బయటికెళ్లే టీ పైపు (ఇంగ్లిష్ T ఆకారంలో ఉండే గొట్టం) పక్కనే. ఆ టీ అడుగుకూ మడ్డికీ మధ్య 12 అంగుళాలు, తెట్టుకూ మధ్య 6 అంగుళాలు ఖాళీ ఉండాలి.

వర_మీద_వర:
కోనసీమ వైపు నుంచి ఒక మాట. ఈ లెక్కలన్నీ నిజమైన ట్యాంకుకే. మా దగ్గర సగం ఇళ్లలో ఉన్నవి ఒకదానిమీద ఒకటి పేర్చిన సిమెంటు వరలు. అడుగున మట్టే, ప్లాస్టరింగ్ లేదు. దాన్నీ అందరూ సెప్టిక్ ట్యాంకే అంటారు. తీయించిన రెండు రోజులకే మళ్లీ నిండిందని ట్యాంకరు వాణ్ణి తిడతారు. వాడేం చేస్తాడు? భూమిలో ఊరే నీళ్లే లోపలికొచ్చాయి. వరలైతే మూడేళ్ల లెక్కా లేదు, తువ్వాలు లెక్కా లేదు, బోరుకు కనీసం 60 అడుగుల దూరం ఉందా లేదా ముందు చూసుకోవాలి. ఇంకోటి, వానాకాలంలో నీరు పైకొచ్చినప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయకండి. ఇటుక గోడ బయటి ఒత్తిడికి లోపలికి ఒరుగుతుంది. ఫైబర్, ప్లాస్టిక్ ట్యాంకులైతే భూమిలోంచి పైకి తేలతాయి. మాఘ ఫాల్గుణాల్లో పెట్టుకోండి ఈ పని.

ట్యాంకరుబండి:
తీయించాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి గానీ, తీయించడం కూడా సరిగ్గా జరగట్లేదన్నా. గొట్టం మూడడుగులు దించి పైనీళ్లు పీల్చేసి "అయిపోయింది" అని పోతరు. అడుగు మడ్డి అట్లనే ఉంటది. సగం ట్యాంకు నీళ్లు గుంజినంక, అదే నీళ్లను జోరుగా వెనక్కి వదిలి మడ్డిని కలిపి మళ్లీ గుంజాలె. గట్టిపడ్డదాన్ని పైనుంచి వెదురుతో కదపాలె. రెండు మూతలూ తెరవాలె. మొదటి గది ఒక్కటే తీసి రెండోది నిండుగ వదిలితే నడిమి అడ్డుగోడ మీద బరువు పడ్తది, నాలుగంగుళాల గోడ అయితే పడిపోతది. 4,500 లీటర్లకు 3,000 లీటర్ల బండి ఒక్క ట్రిప్పుతో సరిపోదు, ముందే మాట్లాడుకోవాలె. యాడ పోస్తరో గూడ అడగండి. చెరువు కట్ట మీదనో కాల్వలనో ఒంపేటోళ్లు చౌకకే వస్తరు. వరంగల్‌ల 2016లనే దీనికి నియమాలు పెట్టిన్రు, బండికి లైసెన్సు, శుద్ధి ప్లాంటులనే పొయ్యాలె అని.

మనిషిని మాత్రం దించనియ్యకండి, "పది నిమిషాల పని" అన్నా సరే. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు దాని వాసన పట్టుడే ఆగిపోతది, వాసన పోయిందనుకుంటరు. మనుషులను మురుగుల దింపుడు నిషేధించిన 2013 చట్టం కింద దింపినోనికి మొదటిసారికే రెండేండ్ల దాకా జైలు, లేకుంటే రెండు లక్షల దాకా జరిమానా, లేకుంటే రెండూ.

పాతమేస్త్రి:
ఈ మాటకు నా వోటు కూడా. కానీ గొట్టంతో గీకి గీకి తీశాక బ్లీచింగ్ నీళ్లతో కడిగించుకునే వాళ్లున్నారు. జీవులు చచ్చేది అక్కడే.

ఇంకుడుగుంత:
అది నిజం, కడక్కూడదు. అడుగున కనీసం 25 మిల్లీమీటర్ల మడ్డి మిగల్చాలని ఐఎస్ 2470 కూడా అంటుంది, తోడుకు చేమిరి ఉంచుకున్నట్టు. తర్వాత మంచినీళ్లు నింపాలి. ఇన్ని వారాలు ఆగాలి, ఆ పొడి వెయ్యాలి అన్నది మాత్రం వ్యాపారం. రోజూ మనుషులు వేసేదాంట్లోనే జీవులు కోట్లలో ఉంటాయి. పేడనీళ్లు కొత్త ట్యాంకుకు మొదటిసారి పనికొస్తాయి, తొమ్మిదేళ్లదానికి పెరుగు, బెల్లం దండగ. ఏ పొడీ ఇసుకను, ప్లాస్టిక్‌ను, శానిటరీ ప్యాడ్‌ను కరిగించదు. బాత్రూముల్లో వారానికోసారి కొంచెం ఆసిడ్ వాడితే పర్లేదు గానీ బకెట్లకొద్దీ పొయ్యకండి.

కొత్తిల్లు:
కొలిచాం. మొదటి గదిలో మడ్డి 31 అంగుళాలు, తెట్టు 5. రెండో గదిలో టీ దగ్గర మడ్డి 11 అంగుళాలు, తెట్టు లేనట్టే. టీ అడుగు నేల నుంచి 45 అంగుళాల ఎత్తులో ఉంది.

పాతమేస్త్రి:
చూశారా! టీ అడుగుకూ మడ్డికీ మధ్య 34 అంగుళాలు. మీ 12 అంగుళాల నియమం ప్రకారమే గుంత భద్రం. ఇంకో రెండేళ్లు ముట్టుకోనక్కర్లేదు.

ఇంకుడుగుంత:
మొదటి గదిలో 60కి 36 పోయాయి మేస్త్రిగారూ, మూడో వంతు అంటే 20. రెండు నియమాలూ రెండు మాటలు చెబుతున్నాయి, ఒప్పుకుంటా. తేల్చేది అడ్డుగోడ రంధ్రం, మొదటి గది నీళ్లు రెండోదాంట్లోకి వెళ్లే దారి. అది అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉందండీ?

కొత్తిల్లు:
ప్లాన్‌లో 30 అంగుళాలని ఉంది.

పాతమేస్త్రి:
30, మడ్డి 31... అయితే రంధ్రం మునిగింది. రెండో గదిలో ఆ 11 అంగుళాలు అందుకే వచ్చాయి. వానలకు ముందే తీయించండి. నిండిందని మాత్రం ఒప్పుకోను.

ట్యాంకరుబండి:
రెండు ట్రిప్పులకు మాట్లాడుకోండి. బండి రాకముందే మూతల చుట్టు సిమెంటు పగలగొట్టి ఉంచుండ్రి, లేకుంటే దానికే గంట పడ్తది. మళ్ల మూసేటప్పుడు సిమెంటు గట్టిగ పెట్టకుండ సున్నం కలిపిన మెత్తటి మాలు పెట్టిస్తే వచ్చేసారి అలకగ లేస్తది. గ్యాసు గొట్టం మీద దోమల జాలి చినిగిందేమో కూడ అప్పుడే చూస్కోండి.