వెల్‌నెస్ కోచ్ మందులు మానేయమంటున్నారు, వినొచ్చా?

ప్రశ్న: అక్కకి చాన్నాళ్లుగా నిద్ర సరిగ్గా లేదు, ఆఫీసు ఫోన్ మోగితే చాలు గుండె దడ. డాక్టర్ మందులు రాశారు. ఇప్పుడొక వెల్‌నెస్ కోచ్ ధ్యానం, డైట్, సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స) అన్నీ కలిపి చేయిస్తాను, మందులు ఆపేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మందులు మాత్రం మాన్పించకండి. కొన్నిటిని ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం ఇంకా ఎక్కువవుతాయి, తగ్గించాలన్నా ఆ రాసిన డాక్టరే చెప్పాలి. సీబీటీ లాంటి చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్‌కైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ కోచ్‌కి ఉందేమో అడగండి.

జవాబు: నాదీ అదే మాట, కానీ కోచింగ్ అంతా దండగ అనను. నడక, నిద్ర వేళలు, శ్వాస మీద ధ్యాస, ఇవన్నీ పక్కనుండి చేయించే మనిషి ఉంటే మంచిదే. జాన్ కబట్-జిన్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస పెట్టే సాధన) కోర్సు కూడా వైద్యంతో పాటు చేసేదే. ఇక సీబీటీ అంటే, ఫోన్ మోగగానే 'ఉద్యోగం పోతుంది' అనిపించిందనుకోండి, దానికి ఆధారమేంటి, ఇంకేమై ఉండొచ్చు అని నోట్‌బుక్‌లో రాయించి, తర్వాత నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయిస్తారు. ఓపిగ్గా చేయాల్సిన పని, శిక్షణ ఉన్నవాళ్లే చేయించాలి.

జవాబు: రాత్రిపూట మరీ టెన్షన్‌గా ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.