సగటు వేగం 50 కాకుండా 48 ఎలా అవుతుంది?

ప్రశ్న:
ఒక కారు గంటకు 40 కి.మీ. వేగంతో ఒక చోటికి వెళ్లి, అదే దారిలో గంటకు 60 కి.మీ. వేగంతో తిరిగి వచ్చింది; మొత్తం ప్రయాణంలో దాని సగటు వేగం ఎంత? రెండు వేగాలను కూడి రెండుతో భాగిస్తే 50 వస్తోంది కాని, పుస్తకం వెనుక జవాబు 48 అని ఉంది. పైగా దూరం ఎంతో లెక్కలో ఇవ్వనే లేదు. సూత్రం చెప్పి వదిలేయకుండా, సోపానాల వారీగా కారణంతో వివరించగలరా?

జవాబు 1:
సగటు వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే వచ్చేదే తప్ప, వేగాల సగటు కాదు. దూరం ఇవ్వలేదు కనుక, భాగహారం సులువుగా ఉండేందుకు 40, 60ల క.సా.గు. అయిన 120 కి.మీ.ను ఒకవైపు దూరంగా తీసుకుందాం. వెళ్లడానికి 120 ÷ 40 = 3 గంటలు, రావడానికి 120 ÷ 60 = 2 గంటలు పడుతుంది. మొత్తం దూరం 240 కి.మీ., మొత్తం కాలం 5 గంటలు; కాబట్టి సగటు వేగం 240 ÷ 5 = 48 కి.మీ./గం.

120కి బదులు 600 తీసుకున్నా, కాలం 15 గంటలు, 10 గంటలు అయి, 1200 ÷ 25 = 48 అనే వస్తుంది. దూరం ఎన్ని రెట్లు పెరిగితే కాలమూ అన్ని రెట్లే పెరుగుతుంది కనుక, దూరం ఇవ్వకపోవడం లోపమేమీ కాదు.

ఇక 50 ఎందుకు రాదంటే, కారు 40 వేగంతో 3 గంటలు నడిచింది, 60 వేగంతో 2 గంటలే నడిచింది. నెమ్మదిగా నడిచిన కాలమే ఎక్కువ కాబట్టి సగటు 40 వైపు మొగ్గుతుంది.

జవాబు 2:
పై వివరణకు ఒక చేర్పు. రెండు వేగాలతోనూ సమాన కాలం ప్రయాణిస్తే మాత్రం 50 సరైన జవాబే: 40 వేగంతో 2 గంటలు, 60 వేగంతో 2 గంటలు నడిస్తే 200 ÷ 4 = 50. దూరాలు సమానమైనప్పుడు వేగాల లబ్ధానికి రెట్టింపును వాటి మొత్తంతో భాగించాలి, అంటే (2 × 40 × 60) ÷ 100 = 48; దీన్నే హరాత్మక మధ్యమం అంటారు. ఈ సూత్రాన్ని కంఠస్థం చేయించడం నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే దూరాలు వేరైనా విద్యార్థులు దాన్నే వాడేస్తారు. 40 వేగంతో 40 కి.మీ., 60 వేగంతో 120 కి.మీ. వెళితే కాలం 3 గంటలు, సగటు 160 ÷ 3, అంటే సుమారు 53.3, అక్కడ 48 కాని, 50 కాని పనికిరావు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే 40 వేగంతో వెళ్లిన కారుకు మొత్తం మీద సగటు 80 రావాలంటే, తిరుగు ప్రయాణంలో 120 వేగం సరిపోదన్నమాట. మరెంత కావాలి?

జవాబు 1 రాసినవారు:
సరిపోదు; 120 వేగంతో వస్తే 240 ÷ 4 = 60 మాత్రమే అవుతుంది. సగటు 80 కావాలంటే 240 కి.మీ.ను 240 ÷ 80 = 3 గంటల్లో ముగించాలి, కాని ఆ 3 గంటలూ వెళ్లడానికే అయిపోయాయి. తిరిగి రావడానికి కాలమే మిగలలేదు కనుక ఎంత వేగంతో వచ్చినా సగటు 80కి చేరదు.