సమస్య: తీగ పీకినంత దీపమెలిగె

నిర్వాహకుడు: రెండు రోజులుగా నా డెస్క్‌టాప్‌లో వైరు నెట్టు చచ్చి కూర్చుంది. వెనక పోర్టు దగ్గర పచ్చలైటు లేదు, స్క్రీన్ మూల ఎర్ర ఇంటూ మార్కు. రౌటరు బాగానే ఉంది, అదే కేబుల్ లాప్‌టాప్‌కి పెడితే పరుగెడుతోంది. నిన్న రాత్రి విసిగిపోయి ఒక వైరు పీకాను, బాగైపోయింది. ఏ వైరో చెప్పను. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి.

తీగ పీకినంత దీపమెలిగె

అరసున్న: పూరణ తర్వాత, ముందు సమస్యకే రిపేరు కావాలి. దీపము, వెలిగె. మధ్యలో ఆ 'వ' ఎవరు పీకారు మాస్టారూ?

నిర్వాహకుడు: దొరికిపోయాను. "దీప్తి గలిగె" అని దిద్దుకోండి, యతి ఎక్కడికీ పోదు.

కేబుల్‌కవి: నాదే బోణీ.

నిన్నదాక నడిచె, నేడు నిలిచెనయ్య
లాను పోర్టు దాని లైటు లేదు
కొక్కి విరిగినట్టి కొసను మెల్లగఁ బట్టి
తీగ పీకినంత దీప్తి గలిగె

కేబుల్ చివర ప్లాస్టిక్ కొక్కి విరిగితే చూడ్డానికి లోపలే ఉన్నట్టుంటుంది కానీ పిన్నులు సరిగ్గా ఆనవు. పీకి, పిన్నులు ఆనేదాకా మళ్ళీ లోపలికి నొక్కాలి.

గురులఘు: 'కొక్కి' బాగుంది, ఆ మాట పద్యంలో ఎప్పుడూ చూళ్ళేదు. కానీ కవిగారూ, మళ్ళీ గుచ్చడం ఏ పాదంలో ఉంది? పీకి చేత్తో పట్టుకుంటే లైటు వస్తుందా? పైగా అదే కేబుల్ లాప్‌టాప్‌లో పనిచేస్తోందని పైన చెప్పారు, చదవకుండానే బోణీ కొట్టేశారు.

కేబుల్‌కవి: కొక్కి లేని వైరు ఒక పోర్టులో బిగుస్తుంది, ఇంకోదాంట్లో జారుతుంది. మీరు ఎప్పుడైనా టేబుల్ కిందికి దూరి చూశారా, లేక అన్నీ కుర్చీలోంచేనా?

గురులఘు: సరే, ఇది చూడండి, దీంట్లో పీకడమే మందు.

కునుకు తీసి లేచెఁ గొత్త కంప్యూటరు
కార్డు మాత్ర మింకఁ గళ్ళు తెరవ
లేదు, విసుగు వచ్చి లేచి విద్యుత్తుదౌ
తీగ పీకినంత దీప్తి గలిగె

షట్‌డౌన్ చేసినా ప్లగ్గు గోడలో ఉన్నంతసేపు కంప్యూటరు లోపలి బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. నెట్టు ద్వారా కంప్యూటర్‌ని నిద్ర లేపే సదుపాయం కోసం నెట్టు కార్డు (వైరు గుచ్చే భాగం) దాని మీదే మేలుకుని ఉంటుంది, అందుకే ఒకసారి బిగుసుకుపోయిందంటే పదిసార్లు రీస్టార్ట్ చేసినా కదలదు. పవర్ వైరు పీకి, పవర్ బటన్ 15, 20 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు కూడా దిగిపోతుంది, అప్పుడు కార్డు మొదట్నించి లేస్తుంది.

అరసున్న: విషయం పదికి పది. పద్యానికి ఏడే. 'విద్యుత్తుదౌ'లో ఆ 'ఔ' గణం నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇక నిర్వాహకుడి కంప్యూటరు కొత్తదని ఎవరన్నారు? యతి కోసం కొనిపెట్టారా?

కేబుల్‌కవి: కొనిపెట్టడం ఆయనకి అలవాటే. పోయిన నెల సమస్య "ఎలుకఁ బట్టి నడిపె నెల్ల జగము"కి తోక లేని ఎలుకని తెచ్చి వైర్‌లెస్ మౌసు అన్నారు. బ్యాటరీ అయిపోయాక జగాన్ని ఎవరు నడిపారో ఇప్పటిదాకా చెప్పలేదు. ఈ మందు కూడా అంతే, ఈ రాత్రి కంప్యూటరు కునుకు తీస్తే రేపు మళ్ళీ పీకాలి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అనే టిక్కు తీసేస్తే గానీ జబ్బు పోదు. అప్పటికీ వినకపోతే డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) తీసి మళ్ళీ వేయడమే.

గురులఘు: ఆ ఎలుక పద్యానికి మీరు కూడా 'భేష్' అన్నారు. పాత పేజీ తీయమంటారా?

మూడోగణం: పెద్దల మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి.

స్విచ్చులోనె రెండు చివరలు గ్రుచ్చిన
త్రాటి చుట్టు తిరిగి దారి తప్పె
ప్యాకెటులవి వేలు, పట్టి యా తుంటరి
తీగ పీకినంత దీప్తి గలిగె

అరసున్న: అబ్బ! ఒకే వైరు రెండు కొసలూ ఒకే నెట్టు స్విచ్చులో (చాలా వైర్లని కలిపే పెట్టె). అందరికీ పంపాల్సిన ప్యాకెట్టు (డేటా ముక్క) ఆ ఉచ్చులో పడి ఆగకుండా తిరిగి, నకళ్ళు పెరిగి నెట్టంతా పడిపోతుంది. 'తుంటరి తీగ'కి వీరతాడు. మళ్ళీ గుచ్చే గొడవే లేదు, పీకడంతోనే కథ అయిపోయింది.

కేబుల్‌కవి: 'తప్పె' తర్వాత 'ప్యా' వచ్చింది. లఘువు గురువైపోలేదా?

అరసున్న: తెలుగు క్రియ, ఇంగ్లీషు నామం, మధ్యలో పాదం విరుపు. ఇదేమన్నా సమాసమా? వదిలేయండి.

గురులఘు: యతీ గణం నాకు పట్టవు గానీ, ఉచ్చు పడితే లైట్లు ఆరవు, అన్నీ కలిసి పిచ్చెక్కినట్టు మిణుకుతాయి. పైగా ఒక్క డెస్క్‌టాప్ కాదు, ఆ లాప్‌టాప్ కూడా పడిపోవాలి. పద్యానికి మొదటి బహుమతి, రోగనిర్ణయానికి సున్నా.

మూడోగణం: దీప్తి లైటుది కాదండీ, మొహానిది.

నడిరేయి: ఆలస్యమైంది.

వైరు వంక చూచి వైఫై యలిగి కూరు
చుండె, నిజము తెలిసి చూడగాను
వైరులోన నెట్టు లేదని తేలెను
తీగ పీకినంత దీప్తి గలిగె

కొన్ని కంప్యూటర్లు లేచేటప్పుడు ముందుగా నడిచే ప్రోగ్రామైన బయోస్‌లో వైరు గుచ్చగానే వైఫై ఆపేసే సెట్టింగు ఉంటుంది. వైరు కలిసినా దాంట్లో నెట్టు లేకపోతే రెండూ పోయినట్టే, పీకితే వైఫై లేస్తుంది.

అరసున్న: 'వైఫై యలిగి' చదివి నవ్వాను, మూడో పాదంలో ఆగిపోయాను. 'వై'కీ 'లే'కీ ఏం చుట్టరికం?

నడిరేయి: "వైరులోన నెట్టు వట్టిదే యని తేలె". ఇప్పుడు?

అరసున్న: ఇప్పుడు కుదిరింది. జబ్బు చేసిన వైరుని వదిలేసి పారిపోయారు, అది వేరే సంగతి.

నిర్వాహకుడు: చాలు చాలు. నేను పీకింది పవర్ వైరే, గురులఘు గారిదే గెలుపు. కానీ పొద్దున్నించి కొత్త తలనొప్పి. పచ్చలైటు ఉంది, నెట్టు లేదు. ఐపీ అడ్రస్ (నెట్టులో కంప్యూటరు చిరునామా నంబరు) 169.254తో మొదలవుతోంది, అంటే రౌటరు ఇచ్చింది కాదు, దొరక్క కంప్యూటరు తనకి తాను పెట్టుకున్నది. అందుకని వచ్చే వారానికి:

వెలుగు వచ్చినాక వెతలు పెరిగె

గురులఘు: కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ రిలీజ్, తర్వాత రెన్యూ కొట్టండి. పద్యం రేపు పంపిస్తా.

నిర్వాహకుడు: కొట్టాను. రాలేదు.

కేబుల్‌కవి: ఒక్కసారి కిందికి వంగి ఆ కొక్కి చూడండి.

నిర్వాహకుడు: చూశాను. విరిగే ఉంది.