మకసాయె లెక్కలో నాలుగో మాట: లొలొహనా, ఫతనా?

పదసేకరణ: తూర్పు తిమోర్‌లో బౌకావ్, వికేకే వైపు మాట్లాడే మకసాయెలో ఒకట్లు వల్లె వేస్తుంటే నాలుగు దగ్గర ఆగిపోతోంది. "ఊ, లొల'ఎ, లొలితు, ... లిమ". ఆ ఖాళీలో లొలొహనా, ఫతనా?

ధ్వనివేట: లొలొహ. ఫత పక్కనున్న ఫతాలుకు వాళ్లది. లిమ తర్వాత దహొ, ఫితు, అఫొ, సివ, రురు-ఊ. లొలితులో ముందు భాగం తీసేస్తే 'ఇతు' మిగులుతుంది, ఫతాలుకు మూడు 'ఉతు'కి పక్కనే. లిమ, ఫితు, సివ మాత్రం ఆస్ట్రోనేషియన్ (మలయ్, తెతుం లాంటివి ఉండే వేరే భాషాకుటుంబం) ఇరుగుపొరుగు నుంచి తెచ్చుకున్నవి.

అక్షరాలబడి: ఫతని అంత తేలిగ్గా వదలకండి. తిమోర్‌కు ఉత్తరాన అలోర్, పంతర్ దీవుల్లో ఉన్న మకసాయె చుట్టాలు, అలోర్-పంతర్ భాషలకు 'నాలుగు' మూలరూపం 'బుత' అని కట్టారు. ఫత ఆ ఇంటి బిడ్డే అని నా వాదన.

ధ్వనివేట: 'పంది' మాటను అడగండి. పంతర్ దీవి భాష తేవాలో బై, మకసాయెలో బై, ఫతాలుకులో పై. మూల బకారం ఫతాలుకులో ప అయింది, ఫ కాలేదు. ఫత, ఫితు రెండింటి ఫ ఒకే బాపతు, ఆస్ట్రోనేషియన్ పకారం నుంచి.

అక్షరాలబడి: ఒక్క పందితో సూత్రం కట్టేస్తారా?

పదసేకరణ: బకారానికి కాదు గానీ, ధ్వనులు వరసలో మారతాయనడానికి నిప్పు కూడా చూడండి. మకసాయె 'అత', ఫతాలుకు 'అచ', కిసార్ దీవిలోని ఒయిరాత 'అట'. ఆ ట మూర్ధన్యమే, మన అట్టులో వినిపించే చోటు. నీళ్లకైతే మూడింట్లోనూ 'ఇర', తిమోర్ నడిమి బునాక్ భాషలో 'ఇల్'.

నుడిబాట: లొల'ఎ అని పైన కామా గుర్తు (') పెట్టడం ఎందుకండీ? లొలయె అంటే చాలదా?

ధ్వనివేట: చాలదు. రెండు అచ్చులు ఎదురైతే యడాగమం తెచ్చుకోవడం మన తెలుగు అలవాటు. అక్కడ గొంతు టక్కున మూసి తెరవాలి. భాష పేరును మ'అసాయె అని రాసేవాళ్లూ ఉన్నారు, అందులో కకారమే గొంతులోకి జారింది. నిజానికి ఈ చర్చ శీర్షికలో మనం పెట్టిన 'యె' కూడా మన సౌకర్యమే.

నుడిబాట: ఒప్పుకున్నాను. అయితే ఈ భాషల చుట్టరికం తేల్చేది అంకెలు కాదు, సర్వనామాలు. మకసాయెలో 'అని' (నేను), అయి (నువ్వు), గి (అతను), ఇని (మేము), ఫి (మనం). మేము, మనం తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చిందే. అతనికి గకారం బునాక్‌లోనూ, అలోర్-పంతర్‌లోనూ ఉంది. ఇలాంటిది అప్పుగా రావడం అరుదు.

పదసేకరణ: తెతుం భాషలోనూ ఆ తేడా ఉంది, అమి (మేము), ఇత (మనం). తూర్పు తిమోర్ కవి బోర్జా ద కోస్టా తెతుంలో రాసిన కవితలు చదివేటప్పుడు నేను ముందు వెతికేది ఆ 'ఇత'నే. 1975 డిసెంబర్ 7న, ఇండోనేషియా సేనలు రాజధాని దిలీలో దిగిన రోజే, ఇరవైతొమ్మిదేళ్లకే ఆయన్ను చంపేశారు.

ధ్వనివేట: ఆయన మీద నాకూ ప్రాణమే. కానీ తెతుం ఆస్ట్రోనేషియన్, దాని ఇత మకసాయె ఫికి సాక్ష్యం కాదు.

అక్షరాలబడి: ఫి అన్నారు కాబట్టి మళ్లీ అడుగుతున్నా. అలోర్-పంతర్‌లో దాని మూలం 'పి'. అంటే సొంత మాటలోనూ ఫ పుడుతోంది. మరి ఫతకి తలుపు మూసేయడం ఎందుకు?

ధ్వనివేట: పిలో ఉన్నది ప, బుతలో ఉన్నది బ. బ నుంచి ఫ వచ్చిన ఫతాలుకు మాట ఒక్కటి చూపించండి, తలుపు నేనే తీస్తాను.

అక్షరాలబడి: వెతుకుతున్నా.